చాకలిపద్దు

మోర్‌కాంబ్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు
దుకాణం కట్టేసి వెళ్లిపోతుంది.
నేను మాత్రం తొమ్మిదికి తీసి ఆరింటిదాకా ఉంటాను.
యార్క్‌షైర్ వీధి మూల, డ్రై క్లీనింగ్.
గాజు మీద మా పేరులో ఒక అక్షరం రాలి పదేళ్లయింది.

నార్మన్ ఆకెన్‌షా మొదటిసారి వచ్చింది
నెత్తుటి చొక్కాతో.
నేను గోడకు ఆనుకుపోయాను.
"పంచదార పాకం, ఎర్రరంగు అంతే.
రాత్రి లాంకాస్టర్‌లో నన్ను పొడిచేశారు.
శనివారం మళ్లీ పొడుస్తారు,
అప్పటికి తెల్లగా కావాలి" అన్నాడు.

మా తాత బట్టలకు నల్లజీడితో గుర్తులు పెట్టేవాడు.
ఒక గీత, రెండు చుక్కలు: కరణంగారిల్లు.
అక్షరం ముక్క రానివాడు
ఊరందరి పేర్లూ మెడపట్టీల లోపల రాశాడు.
నా దగ్గరున్నవి గులాబీరంగు చీటీలు.
నలభై మూడేళ్లలో ఆకెన్‌షా పేరున చింపినవి వరస పెడితే
నిజంగానే చాకలిపద్దు.

కానిస్టేబులు కోటు, ఏడుసార్లు. ఒక్కసారీ దొంగ దొరకలేదు.
పాదిరి అంగీ.
బిషప్పు అంగీ. "ప్రమోషన్ వచ్చింది" అన్నాడు,
ఆ వారమంతా టీ నా దగ్గరే తాగాడు.
ఉరితీసేవాడి చేతితొడుగులు.
క్రిస్మస్ నాటకంలో సవతితల్లి గౌను,
నడుము దగ్గర రెండంగుళాలు వదలమని బతిమాలుతూ.
బురద పట్టిన శవం ప్యాంటు:
ఆరు భాగాల సీరియల్లో మొదటి మూడు నిమిషాలు
ఊపిరి బిగబట్టిన డబ్బుతో
ఇంటి పైకప్పు బాగు చేయించుకున్నాడు.

వీధిలో జనం ఆగి చూసేవాళ్లు.
"మిమ్మల్నెక్కడో... మా బాబాయితో గ్యాసు ఆఫీసులో చేశారు కదూ?"
"చేశాను. ఎలా ఉన్నాడు?" అనేవాడు.
బాబాయి పోయాడని తెలిస్తే
నిజంగానే టోపీ తీసేవాడు.

ఎనభై నాలుగు చలికాలం ఒక డాక్టరు కోటు తెచ్చాడు.
కాలరు చుట్టూ చింతపండు రంగు.
ఎవరి వేషమని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.
మూడు ఉడుకులకు గాని వదల్లేదది.
రెండోసారి తీసినప్పుడు పక్కన నా చెయ్యి పెట్టి చూశాను.
నాకన్నా ఒక ఛాయ ఎక్కువ.

"ఎలా ఉన్నాడు మీ డాక్టరు?" అన్నాను, కోటు అందిస్తూ.
"తల ఊపుతూనే ఉన్నాడు.
అలాగే చేయమన్నారు."
చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు.

రెండు నెలలు రాలేదు.
వచ్చాక, ఆ వేషం మళ్లీ వేయలేదన్నాడు.
వేయమని మళ్లీ ఎవరూ అడగలేదని కూడా అన్నాడు.
ఆ రెండోమాట చెప్పక్కర్లేదు.
చెప్పినందుకే
ఆ రోజు నుంచి ఆయన చీటీ మీద
ఇస్త్రీ డబ్బులు వేయడం మానేశాను.

మా వైపు పగటివేషగాళ్లు ఆఖరిరోజు
రంగు కడుక్కుని ఉత్త ముఖాలతో గడపగడపకూ వచ్చేవాళ్లు.
చేటలో బియ్యం పోస్తూంటే తెలిసేది,
నిన్నటి శివుడికి మెల్లకన్నని.
ఈయనకు ఆఖరిరోజంటూ రాలేదు.
సొంత బట్ట ఒక్కటీ నా కౌంటరెక్కలేదు,
పోయిన అక్టోబరుదాకా.

గోధుమరంగు కోటు. మోచేతులు మెరుస్తున్నాయి.
"ఇది ఏ వేషానికి?"
కాసేపు ఆలోచించాడు. డైలాగు మర్చిపోయినట్టు.
"నాదే అనుకుంటా."

జేబులు వెతకడం మా వృత్తిధర్మం.
బస్సు టికెట్టు, కుక్క బిస్కట్టు, మడత చీటీ ఒకటి.
వణికే చేతిరాత:
పాలు. మాత్రలు. నార్మన్.

పేపర్లో నాలుగు లైన్లు వేశారు.
ఫోటో బిషప్పుది.
వయసు రెండేళ్లు తప్పు.

ఆరు నెలలు దాటిన బట్టలు ధర్మానికి ఇచ్చేస్తామని
గోడ మీద రాసింది నేనే.
ఏడో నెల ఇది.
కొక్కెం మీంచి దించి కాలరు తిప్పాను,
మార్కరు పెన్నుతో లోపల మా తాత గీత గీశాను.
పక్కన చుక్కలెన్ని పెట్టాలి?
కానిస్టేబులుకొకటి, సవతితల్లికొకటి,
ఆ డాక్టరుకు పెట్టాలా వద్దా...

తలుపు గంట మోగింది.
ఎవరిదో పెళ్లిగౌను, వైను మరక.
గురువారానికి కావాలట.